పాత ట్రాన్సిస్టర్ రేడియోల సేకరణ: మొదటి సెట్టుగా దేన్ని ఎంచుకోవాలి?

పాత ట్రాన్సిస్టర్ రేడియో కొనబోయేవారు ముందుగా అడిగే ప్రశ్న "మోగుతుందా?" అని. ఇన్నేళ్లుగా ఈ పెట్టెలను విప్పి, తుడిచి, టంకం పెట్టి చూశాక నా వరుసలో ఆ ప్రశ్న మూడో స్థానానికి జారింది. నేను మొదట అడిగేది పెట్టె ఎక్కడైనా పగిలిందా అని. రెండోది, డయల్ మీద రంగులు, అంకెలు నిలిచి ఉన్నాయా అని. మోగడం సంగతి ఆ తర్వాతే.

కారణం సులువైనదే. మూగబోయిన రేడియోలో ఎండిపోయిన కెపాసిటర్‌ను మార్చవచ్చు, తెగిన తీగను అతకవచ్చు, చిలుము పట్టిన బ్యాటరీ రేకును గీకి శుభ్రం చేయవచ్చు. 1958లో అచ్చుపోసిన ప్లాస్టిక్ మూల విరిగితే మాత్రం దాన్ని మళ్లీ పోసే అచ్చు ఇప్పుడు లేదు. అతికిస్తే అతుకు కనబడుతుంది. డయల్ మీద రాలిపోయిన బంగారు రంగుకు మందు లేదు. అందుకే ఏ రకం రేడియో ఎంచుకున్నా, బాగుచేయలేనిదాన్ని చూసి కొనండి. బాగుచేయగలిగినదాన్ని తర్వాత చూసుకోవచ్చు.

## ముందు తేల్చుకోవలసినవి

మీకు ఇది ఎందుకు? వినడానికా, అలమారలో పెట్టి చూసుకోవడానికా, విప్పి బాగుచేసే ఆనందానికా? ఈ మూడూ ఒకే రేడియోలో దొరకడం అరుదు. జేబులో పట్టే అందమైన సెట్టు స్పీకరు చిన్న గాజు మూతంత ఉంటుంది. దానిలో గంటసేపు సంగీతం వినలేం. చక్కగా పాడే సెట్టు అలమారలో మూడు చిన్న రేడియోల చోటు తినేస్తుంది.

గాలిలో ఏముంది? దీన్ని చాలామంది మరచిపోతారు. 1950లు, 60ల నాటి జేబు రేడియోల్లో ఎక్కువ భాగం మీడియం వేవ్ ఒక్కటే పట్టుకుంటాయి. కొన్ని దేశాల్లో ఆ బ్యాండ్ ఇప్పుడు దాదాపు ఖాళీ. జర్మనీలో ప్రభుత్వ ప్రసార సంస్థలు 2015 నాటికి మీడియం వేవ్ ప్రసారాలు ఆపేశాయి. నార్వే 2017లో జాతీయ ఎఫ్ఎం ప్రసారాలనే ఆపేసింది. మీరుండే చోట పగలు ఎన్ని మీడియం వేవ్ స్టేషన్లు వినబడతాయో, రాత్రి దూరం నుంచి ఎన్ని వస్తాయో ఇప్పుడున్న ఏ రేడియోతోనైనా ఒక రోజు విని చూడండి. రాత్రిపూట అయనోవరణం (ఎత్తులో ఉండే విద్యుదావేశపు గాలిపొర) తరంగాలను వెనక్కి పంపుతుంది కాబట్టి, పగలు నిశ్శబ్దంగా ఉన్న బ్యాండ్ రాత్రి నిండిపోవచ్చు.

ఎఫ్ఎం ఉన్న పాత సెట్టు అయితే డయల్ అంకెలు చదవాలి. చాలా దేశాల్లో ఎఫ్ఎం 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. జపాన్ దేశీయ మార్కెట్టు కోసం చేసిన పాత సెట్లు 76 నుంచి 90 వరకే పడతాయి. సోవియట్ సెట్లలో ఆ బ్యాండ్ 66 నుంచి 74 ప్రాంతంలో ఉండేది. పాత జర్మన్ సెట్లు కొన్ని 100 దగ్గరో 104 దగ్గరో ఆగిపోతాయి. రేడియో నిక్షేపంలా ఉన్నా మీ ఊరి స్టేషన్ దాని డయల్ మీదే లేకపోవచ్చు.

బ్యాటరీ దొరుకుతుందా? మామూలు 9 వోల్టుల బ్యాటరీతోనో, పెన్‌టార్చి సెల్లులతోనో, పెద్ద టార్చి సెల్లులతోనో నడిచే సెట్టుకు చింత లేదు. 22.5 వోల్టుల బ్యాటరీ, పాదరసం సెల్లులు కోరే సెట్లకు మనమే ప్రత్యామ్నాయం చూసుకోవాలి.

చేయి పెట్టగలమా? లోపల వేలు పట్టేంత చోటు ఉందా, భాగాలు కంటికి కనబడతాయా, ఆ ట్రాన్సిస్టర్‌కు బదులుగా వేయడానికి మరొకటి దొరుకుతుందా అన్నది ఇక్కడ చూడాలి.

## ఐదు దారులు, ఒకచోట

| రకం | కాలం | వినడానికి | బ్యాటరీ | మరమ్మతు | ప్రధానమైన చిక్కు |
|---|---|---|---|---|---|
| తొలితరం అమెరికన్ సెట్లు | 1954–58 | మధ్యస్థం. మీడియం వేవ్ మాత్రమే | కొన్నిటికి అరుదైనవి | ఓపికతో సాధ్యం | పగుళ్లు, ధర |
| జపాన్ జేబు సెట్లు | 1957–63 | సన్నని గొంతు | ఎక్కువగా 9 వోల్టులు | ఆరు ట్రాన్సిస్టర్లవి నేర్చుకోవడానికి మంచివి | డయల్ రంగు రాలడం |
| యూరప్ చేతిపట్టు సెట్లు | 1958–70 | చాలా బాగుంటుంది | పెద్ద 9 వోల్టులు, సెల్లులు | లోపల చోటు ఎక్కువ | ట్రాన్సిస్టర్ జబ్బు, లాంగ్ వేవ్ ఖాళీ |
| షార్ట్ వేవ్ సెట్లు | 1957–80లు | అన్నిటికంటే మేలు | పెద్ద టార్చి సెల్లులు | కష్టం | బరువు, స్విచ్చులు |
| 1970ల వింత ఆకారాలు | 1970లు | బొమ్మ స్థాయి | సులువు | అక్కర్లేనంత సులువు | గీతలు, విరిగిన కొక్కేలు |

ఒక్కొక్క దారి లోతు వేరు. కొన్నిటి గురించి ఎక్కువ చెప్పాలి.

## తొలితరం అమెరికన్ సెట్లు

బెల్ ల్యాబ్స్‌లో 1947 డిసెంబరులో ట్రాన్సిస్టర్ పుట్టింది. ఏడేళ్లకు, 1954 అక్టోబరులో, రీజెన్సీ టీఆర్-1 అనే రేడియో ప్రకటన వెలువడింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ట్రాన్సిస్టర్లు ఇచ్చింది, ఇండియానాపోలిస్‌లోని ఐడీఈఏ సంస్థ రీజెన్సీ విభాగం రేడియో తయారు చేసింది. ధర 49.95 డాలర్లు. దాదాపు లక్ష సెట్లు అమ్ముడయ్యాయని అంచనా. సేకరించేవారికి ఇది తొలి అధ్యాయం. చేతికి తీసుకుంటే తెలియని ఉద్వేగం కలుగుతుందనడంలో అబద్ధం లేదు.

అయినా మొదటి రేడియోగా దీన్ని కొనమని నేను చెప్పను. ఇందులో నాలుగే ట్రాన్సిస్టర్లు. ఒకటి ఫ్రీక్వెన్సీ మార్చడానికి, రెండు మధ్యస్థ ఫ్రీక్వెన్సీ దశకు, ఒకటి శబ్దానికి. గొంతు బలహీనంగా ఉంటుంది. ఇందులోని ట్రాన్సిస్టర్లు పనిచేయడానికి 22.5 వోల్టులు కావాలి. దీన్ని వినాలనుకునేవారు నాణెం ఆకారపు 3 వోల్టుల సెల్లులను ఏడింటిని వరుసగా కలిపి, 21 వోల్టులు చేసి పాత బ్యాటరీ గూట్లో అమరుస్తారు. అది పనిచేస్తుంది. అయితే పగిలిన మూలలు ఉన్న టీఆర్-1లే ఎక్కువగా కనిపిస్తాయి, పగలనివాటికి అడిగే ధర చాలా ఎక్కువ.

ఈ తరం నుంచి ఒక్కటి ఎంచుకోవాలంటే జెనిత్ రాయల్ 500 నా ఎంపిక. 1955లో వచ్చింది. ముందువైపు రెండు గుండ్రటి నాబ్‌లు గుడ్లగూబ కళ్లలా చూస్తుంటాయి, అందుకే సేకరించేవారిలో దానికి ఆ పేరే నిలిచింది. నాలుగు పెన్‌టార్చి సెల్లులతో నడుస్తుంది కాబట్టి బ్యాటరీ బెంగ లేదు. తొలి దశలో ప్రింటెడ్ బోర్డు లేకుండా చేత్తో తీగలు అల్లిన నమూనా వచ్చింది. దాన్ని తెరిస్తే కార్మికురాలి వేళ్ల కదలిక ఆ అతుకుల్లో కనబడుతుంది. తర్వాత వచ్చిన వాటిలో ప్రింటెడ్ బోర్డు వాడారు. కొనేముందు వెనక తెరిచి చూపమని అడిగితే ఏది మీ ముందున్నదో తేలిపోతుంది. 1962లో వచ్చిన 500హెచ్ రూపం వేరు, పొడవాటి స్పీకరు జాలీ ఉంటుంది. జేబు పరిమాణపు రేడియోల్లో దాని గొంతు నిజంగా మెచ్చుకోదగినది. వినడానికీ, దాచుకోవడానికీ ఒకటే కావాలనుకునేవారికి దాన్ని నేను గట్టిగా చెబుతాను.

అమెరికాలో అమ్మిన సెట్ల వయసు తేల్చడానికి నమ్మకమైన గుర్తు ఒకటుంది. డయల్ మీద 640, 1240 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న త్రికోణాలు కనిపిస్తే ఆ రేడియో 1953, 1963ల మధ్యది. అణుదాడి హెచ్చరిక వస్తే ప్రజలు ఆ రెండు చోట్లే వినాలని అక్కడి ప్రభుత్వం పెట్టిన ఏర్పాటు అది. అమ్మేవారు చెప్పే సంవత్సరాల కంటే ఆ రెండు త్రికోణాలను ఎక్కువ నమ్మవచ్చు. అయితే త్రికోణాలు లేనంత మాత్రాన తర్వాతి కాలంది అనుకోకూడదు. వేరే దేశం కోసం చేసినదై ఉండవచ్చు.

## జపాన్ జేబు సెట్లు

మొదటిసారి సేకరించేవారికి నేను చూపే దారి ఇదే. 1955 ఆగస్టులో టోక్యో త్సుషిన్ కోగ్యో సంస్థ టీఆర్-55 విడుదల చేసింది. 1957లో టీఆర్-63 వచ్చి అమెరికా చేరింది. మరుసటి ఏడాది జనవరిలో ఆ సంస్థ తన పేరును సోనీగా మార్చుకుంది. టీఆర్-63 కొలతలు 112 × 71 × 32 మిల్లీమీటర్లు. "జేబులో పట్టేది" అని ప్రచారం చేశారు గాని, మామూలు చొక్కా జేబుకు అది కొంచెం పెద్దది. అందుకని అమ్మేవారికి పెద్ద జేబుల చొక్కాలు కుట్టించారన్న కథ ఈ రంగంలో అందరికీ తెలిసినదే. 1958లో వచ్చిన టీఆర్-610 మరీ పేరు తెచ్చుకుంది. దాని గుండ్రటి జాలీని, వెనక నిలబెట్టే తీగను అనుకరించినవారు ఎందరో.

సోనీ ఒక్కటే కాదు. తోషిబా, హిటాచీ, షార్ప్ సెట్లు అందంలో ఏమాత్రం తీసిపోవు. ఈ కాలపు జపాన్ సెట్లలో గొప్పదనం డయల్‌లో ఉంది. పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క వెనకవైపు నుంచి ఒక్కొక్క పొరగా రంగులద్దేవారు. ముందు బంగారు గీతలు, వాటి వెనక ముదురు నీలం, ఎరుపు. చూసేవారికి ఆ రంగులు గాజులోపల తేలుతున్నట్టుంటాయి. నక్షత్రాలు, బాణం మొనలు, రెక్కలు చెక్కినట్టు కనిపిస్తాయి. అదే వాటి బలహీనత కూడా. లోపలికి తేమ చేరితే వెనక రంగు పొరలుగా లేస్తుంది. కొత్తగా కొన్నవారు అపరిశుభ్రంగా ఉందని డయల్‌ను విప్పి వెనకవైపు తడిగుడ్డతో తుడుస్తారు, రంగు గుడ్డకు వచ్చేస్తుంది. ముందువైపు మాత్రమే సబ్బు నీళ్లతో మెత్తగా తుడవాలి. వెనకవైపు పొడి కుంచె చాలు.

ఇక ట్రాన్సిస్టర్ల సంఖ్య. పెట్టె మీద "6", "7", "8" అని గొప్పగా రాసి ఉంటుంది. ఆరు ఉంటే ఒక పూర్తి రేడియోకు కావలసినవన్నీ ఉన్నట్టే: ఫ్రీక్వెన్సీ మార్చడానికి ఒకటి, మధ్యస్థ దశకు రెండు, శబ్దాన్ని ముందుకు నెట్టడానికి ఒకటి, చివర స్పీకరును కదిలించడానికి జంటగా రెండు. అంతకు మించిన సంఖ్యలు వింటే ముచ్చటపడకండి. 1960ల మధ్య నుంచి కొందరు తయారీదారులు పనిలేని ట్రాన్సిస్టర్లను ఊరకే బోర్డుకు అతికించి సంఖ్య పెంచి అమ్మారు. "14", "16" అని రాసిన చవక సెట్టు తెరిచి చూస్తే, కొన్నిటి కాళ్లు ఎక్కడికీ వెళ్లవు. మరోవైపు రెండే ట్రాన్సిస్టర్లతో "బాయ్స్ రేడియో" అని ముద్ర ఉన్నవి కూడా ఉన్నాయి. అవి బొమ్మల కోవలోకి వచ్చేలా చేసినవి, దగ్గరి స్టేషన్ తప్ప మరొకటి పట్టవు. రూపం మాత్రం పెద్దవాటితో సమానంగా ముద్దుగా ఉంటుంది. అలమారకే అయితే నిశ్చింతగా తీసుకోవచ్చు.

మరమ్మతు నేర్చుకోవాలనుకునేవారికి ఆరు ట్రాన్సిస్టర్ల సెట్టుకు మించిన గురువు లేదు. ఒక్కొక్క దశ బోర్డు మీద వరుసగా కనబడుతుంది. ఎక్కువసార్లు జబ్బు ఒకటే: మూడో నాలుగో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోయి గొంతు తగ్గడం, లేదా గుటగుట శబ్దం రావడం. అవి మారిస్తే సగం రేడియోలు లేచి కూర్చుంటాయి. ఈ సెట్లలోని జెర్మేనియం ట్రాన్సిస్టర్లకు వేడి పడదు. టంకం పెట్టేటప్పుడు వాటి కాలును పట్టకారుతో పట్టుకుంటే వేడి పట్టకారులోకి పోతుంది. బ్యాటరీ తలకిందులుగా పెట్టినా అవి పోతాయి. చాలా పాత సెట్లలో ధన ధ్రువమే ఉమ్మడి తీగ, కాబట్టి ఇప్పటి అలవాటు కొద్దీ నల్ల తీగ రుణమే అనుకుంటే పొరపాటు.

## యూరప్ చేతిపట్టు సెట్లు

ఇవి జేబు సెట్లు కావు. పైన పిడి ఉంటుంది, లోపల భోజనపు గిన్నె మూతంత స్పీకరు. వంటింట్లో, రాత బల్ల పక్కన పెట్టుకుని రోజూ వినాలనుకునేవారికి ఇవే సరైనవి. బ్రిటన్‌లో 1959లో వచ్చిన బుష్ టీఆర్82 గుండ్రటి పెద్ద డయల్‌తో ఇప్పటికీ గుర్తుపట్టగలిగే రూపం. దానికి వాడే పెద్ద 9 వోల్టుల బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. ఒక హెచ్చరిక: దశాబ్దాల తర్వాత అదే రూపంలో కొత్త సెట్లు మళ్లీ తయారయ్యాయి. ఫొటోలో రెండూ ఒకలాగే ఉంటాయి. వెనక తలుపు తీసిన ఫొటో లేకుండా కొనవద్దు.

జర్మనీ నుంచి బ్రౌన్ టీ3 ఉంది. 1958లో డీటర్ రామ్స్ రూపకల్పన చేసినది. తెల్లటి పెట్టె, చిన్న రంధ్రాల చతురస్రం, ఒక గుండ్రటి చక్రం, అంతే. దాన్ని చూసినవారికి నలభై ఏళ్ల తర్వాతి సంగీత యంత్రం, యాపిల్ ఐపాడ్, గుర్తురావడం సహజం. రూపకల్పన మీద ఇష్టం ఉన్నవారికి అది చాలు. వినడానికి దానికంటే మెరుగైనవి ఎన్నో ఉన్నాయి.

1960ల యూరప్ సెట్లలో ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంది, ముందే తెలిస్తే మంచిది. ఏఎఫ్114 నుంచి ఏఎఫ్117 వరకు ఉన్న ట్రాన్సిస్టర్లకు నాలుగు కాళ్లుంటాయి. నాలుగోది లోహపు డబ్బాకు కలిపినది. ఏళ్లు గడిచేకొద్దీ డబ్బా లోపలి తగరం నుంచి వెంట్రుక కంటే సన్నని మొనలు మొలిచి మిగతా కాళ్లను తాకుతాయి. రేడియో మూగబోతుంది. నాలుగో కాలిని కత్తిరిస్తే చాలాసార్లు మళ్లీ పలుకుతుంది, కొంతకాలానికి మళ్లీ ఆగవచ్చు. శాశ్వతమైన దారి వాటిని మార్చడమే. ఈ జబ్బు తెలిసినవారికి "మోగదు" అని అమ్ముతున్న సెట్టు ఒక అవకాశం.

ఈ సెట్లలో సగం డయల్ లాంగ్ వేవ్‌కు కేటాయించి ఉంటుంది. యూరప్‌లోనే ఆ స్టేషన్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. మిగతా ప్రపంచంలో ఆ బ్యాండ్ మీద వినడానికి పెద్దగా ఏమీ ఉండదు. డబ్బు ఇచ్చే ముందు మిగిలిన సగం మీకు సరిపోతుందా అని చూసుకోండి.

## షార్ట్ వేవ్ సెట్లు

జెనిత్ రాయల్ 1000 ట్రాన్స్-ఓషియానిక్ 1957లో 250 డాలర్లకు వచ్చింది. అంత ధర పెట్టగలిగినవారు కొద్దిమందే. అది రేడియో కంటే ఓడ సామాను పెట్టెలా ఉంటుంది, మూత తీస్తే ప్రపంచపటం. సోవియట్ వైపు నుంచి 1960లో రీగాలోని వీఈఎఫ్ కర్మాగారం స్పీడోలాను తెచ్చింది. బ్యాండ్లు మార్చడానికి లోపల డ్రమ్ము తిరిగే ఏర్పాటు దాని ప్రత్యేకత. ఆ దేశంలో అమ్మడానికి చేసిన సెట్లలో 25 మీటర్ల కంటే చిన్న తరంగాలు ఉండేవి కావు, విదేశీ ప్రసారాలు అక్కడే ఎక్కువ కాబట్టి. ఎగుమతి నమూనాల్లో అవి ఉంటాయి. డయల్ చదివితే ఆ రేడియో ఎవరి కోసం చేసినదో తెలుస్తుంది.

నిజంగా వినాలనుకునేవారికి నేను చెప్పేది 1970ల జపాన్ సెట్లు. పానసోనిక్ ఆర్ఎఫ్-2200 పైభాగంలో ఫెరైట్ యాంటెన్నా (తీగ చుట్టిన నల్లటి కడ్డీ) గుండ్రంగా తిరుగుతుంది. రేడియోను కదపకుండా ఆ కడ్డీని తిప్పి ఒక స్టేషన్‌ను పెంచి, అడ్డొచ్చేదాన్ని తగ్గించవచ్చు. రాత్రి మీడియం వేవ్‌లో దూరపు గొంతులను వెతికేవారికి అది వరం. డయల్ ఎంత ఖచ్చితమో సరిచూసుకోవడానికి, స్ఫటికంతో గుర్తు సంకేతం ఇచ్చే ఏర్పాటు కూడా లోపల ఉంది. బరువు, పరిమాణం భరించగలిగితే దీన్ని వదలవద్దు.

1980ల డిజిటల్ సెట్ల జోలికి మొదట్లోనే వెళ్లవద్దు. సోనీ ఐసీఎఫ్-2010 1985 నాటి అద్భుతం. అయితే యాంటెన్నా గుండా వచ్చే స్థిర విద్యుత్తుకు దాని మొదటి ట్రాన్సిస్టర్ పోవడం పేరుమోసిన సమస్య. 1988 నాటి చిన్న ఐసీఎఫ్-ఎస్‌డబ్ల్యూ1లో కెపాసిటర్లు కారి బోర్డు గీతలనే తినేస్తాయి. ఆవగింజంత భాగాల మీద టంకం పెట్టగల నేర్పు వచ్చాక వాటిని చూసుకోవచ్చు.

## 1970ల వింత ఆకారాలు

పానసోనిక్ ఆర్-70 గుండ్రటి బంతి, చేతికి గాజులా తొడుక్కునే ఆర్-72, శీతల పానీయపు డబ్బాలు, మరమనుషులు. పిల్లలకు, బహుమతికి, గదిలో ఒక రంగు చుక్కకు ఇవి చక్కగా సరిపోతాయి. ఇందులో చూడవలసింది మెరుపు, గీతలు, బ్యాటరీ తలుపు ఉందా లేదా, అంతే.

## బాగుచేసినదా, దొరికినట్టే ఉన్నదా?

రకం తేలాక వచ్చే చిక్కు ఇది. బాగుచేసి, విని చూపించి అమ్మే సెట్టు ధర ఎక్కువ. కెపాసిటర్లు మార్చడం ఇష్టం లేనివారికి ఆ ధర సమంజసమే. ఏమేం మార్చారో అడగండి. "శుభ్రం చేశాను, పనిచేస్తోంది" అన్న మాటకు, "ఆరు కెపాసిటర్లు మార్చాను, బ్యాండ్ సరిచేశాను" అన్న మాటకు చాలా తేడా ఉంది.

దొరికినట్టే ఉన్న సెట్టు నాకు ఇష్టం. ఎవరూ చేయి పెట్టని లోపలి భాగం, అసలైన తోలు తొడుగు, కాగితపు చీటీ, చెవిలో పెట్టుకునే పాత ఇయర్‌ఫోన్ అన్నీ ఉంటాయి. ఒకసారి తెరిచి పాడుచేసిన రేడియో కంటే అరవై ఏళ్లుగా మౌనంగా ఉన్న రేడియో బాగుచేయడం సులువు. గతంలో ఎవరో ట్యూనింగ్ కాయిల్ తలలను స్క్రూడ్రైవర్‌తో తిప్పి, మైనం పగలగొట్టి ఉంటే, ఆ రేడియోను దారికి తేవడం నాకు చాలా సాయంకాలాలు పట్టింది. ఆ మైనపు ముద్ర చెక్కుచెదరకుండా ఉందా అని ఇప్పుడు ఫొటోలోనే చూస్తాను.

దూరం నుంచి కొంటున్నప్పుడు నాలుగు ఫొటోలు అడగండి: నాలుగు మూలలు, బ్యాటరీ గూడు, వెనక తలుపు తీసిన లోపలి భాగం, వెలుగుకు ఏటవాలుగా పట్టిన డయల్. చివరి దానిలో వెంట్రుకవాసి పగుళ్లు బయటపడతాయి. నేరుగా వెలుగు పడితే అవి దాక్కుంటాయి.

బ్యాటరీ గూట్లో తెల్లటి పొడి ఉంటే ఆల్కలైన్ సెల్లు కారినట్టు అనుకోవచ్చు. వెనిగర్ చుక్కతో తుడిస్తే పోతుంది. పాత జింకు-కార్బన్ సెల్లు కారితే అది ఆమ్ల గుణం కలది, వంటసోడా నీళ్లు వాడాలి. పచ్చటి చిలుము బోర్డు మీదకు పాకి ఉంటే మాత్రం ఆ సెట్టు వదిలేయండి, పెట్టె అద్భుతంగా ఉంటే తప్ప.

## చేతికి వచ్చాక మొదటి పది నిమిషాలు

నేరుగా కొత్త బ్యాటరీ పెట్టి స్విచ్చు వేయవద్దు. మల్టీమీటరును బ్యాటరీకి వరుసలో పెట్టి ఎంత విద్యుత్తు లాగుతోందో చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఆరు ట్రాన్సిస్టర్ల 9 వోల్టుల సెట్టు, వాల్యూమ్ తగ్గించి ఉంచితే, 10 మిల్లీఆంపియర్లకు కాస్త అటూ ఇటూ లాగుతుంది. అది 60, 70 దాటితే వెంటనే తీసేయండి.

స్పీకరులో "టక్" అన్న శబ్దం వచ్చి ఆ తర్వాత ఏమీ వినబడకపోతే, నిరాశ పడకండి. పక్కన మంచి మీడియం వేవ్ రేడియో ఒకటి పెట్టి, దాన్ని 1400 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంచి, మూగ రేడియో డయల్‌ను 945 ప్రాంతంలో నెమ్మదిగా తిప్పండి. మంచి రేడియోలో ఒక్క క్షణం హోరు అణగితే, లేదా సన్నని ఈల వినబడితే, మూగ రేడియో గుండె కొట్టుకుంటున్నట్టే. లోపలి ఆసిలేటర్ (రేడియో తనంతట తాను తరంగాన్ని పుట్టించే భాగం) మనం తిప్పిన చోటుకు 455 కిలోహెర్ట్జ్ పైన పలుకుతుంది, ఆ తరంగాన్నే పక్క రేడియో పట్టింది. జబ్బు ఆ తర్వాతి దశల్లో ఉంది, అంటే చాలావరకు చవకగా పోయేదే. రీజెన్సీ టీఆర్-1లో ఆ తేడా 262, కాబట్టి లెక్క మార్చుకోవాలి.

వాల్యూమ్ తిప్పితే గరగరమంటే కంగారు అక్కర్లేదు, కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు వేసి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలు. ప్లాస్టిక్ మీద మాత్రం అది పడకూడదు. అలాగే స్పిరిట్టు, గోళ్ల రంగు తుడిచే ద్రవం ఈ పెట్టెల దగ్గరికి రానివ్వకండి. బంగారు అక్షరాలు ఒక్క తుడుపుతో పోతాయి.

రేడియో మోగుతోంది గాని బుర్రుమనే రొద ఎక్కువైతే, తప్పు దానిది కాకపోవచ్చు. గదిలోని ఫోన్ చార్జర్లు, ఎల్ఈడీ దీపాలు ఆపి మళ్లీ వినండి. అవి లేని కాలంలో పుట్టిన యంత్రం అది.

## ఎవరికి ఏది

అలమార చిన్నది, కళ్లకు విందు కావాలి అనుకునేవారు 1958, 1963ల మధ్య జపాన్ జేబు సెట్టు తీసుకోండి. పేరున్న సోనీ కోసం పట్టుబట్టవద్దు. అదే ధరకు తోషిబా, హిటాచీల్లో ఇంకా మెరుగైన డయల్ దొరుకుతుంది.

రోజూ వినేవారికి యూరప్ చేతిపట్టు సెట్టు, అదీ ఎఫ్ఎం 108 వరకు ఉన్నది. మీడియం వేవ్ బతికి ఉన్న చోట రాత్రి మేలుకుని వినేవారికి ఆర్ఎఫ్-2200 తరగతిది.

చేతిపని నేర్చుకునేవారు ఒకే నమూనా సెట్లు రెండు కొనండి. ఒకటి పెట్టె బాగున్నది, రెండోది పెట్టె పగిలినా లోపలంతా ఉన్నది. రెండో దాని భాగాలతో మొదటిది లేస్తుంది, మధ్యలో తప్పులు చేయడానికి కూడా అవకాశం మిగులుతుంది.

చరిత్ర మీద ప్రేమ ఉన్నవారికి టీఆర్-1 ఆకర్షణ నాకు తెలుసు. ముందు జెనిత్ రాయల్ 500తో ఒక ఏడాది గడపండి. పగుళ్లను వేలితో గుర్తుపట్టడం, డయల్ రంగు అసలైనదా తర్వాత పూసినదా అని తేల్చడం ఆ ఏడాదిలో వస్తుంది. ఆ తర్వాత టీఆర్-1 ఎదురైనప్పుడు, వెనక తలుపు తీసి, నాలుగు మూలలు వెలుగుకు పట్టి చూసుకుని కొనండి.